ముప్పైనాలుగు గీతలు

పొగతోటలో మందుల వాసన దాటుకుని
రెండో అంతస్తు మెట్లెక్కితే ఆడిటరు గారి ఆఫీసు.
పదకొండో మెట్టు అంచు విరిగి ఉంటుంది.
కరెంటు పోయినా నా కాలికి తెలుసు.

వచ్చిన కొత్తలో డెబిట్టు ఎటో క్రెడిట్టు ఎటో
చేతులు చూసుకుంటే గానీ తోచేది కాదు.
కోవూరు మిల్లులో ఓచర్ల మీది తవుడు ఊదుకుని అంకెలు చదివాను.
ముత్తుకూరులో రొయ్యల మేత బస్తాలు లెక్కబెట్టి
ఆ నీచు వాసనతోనే ఉదయగిరి బస్సెక్కితే
పక్క సీటు ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.
స్టోన్‌హౌస్‌పేట బియ్యం కొట్టులో
రెండు చిట్టాలు నడుస్తున్నాయని మొదట పట్టింది నేనే.
"నీది గద్ద కన్నమ్మా మస్తాన్‌బీ" అన్నారు సారు.
అమ్మకు ఫోన్లో చెప్పాను.
అవతల చెంచా చెక్కే చప్పుడు
కాసేపు ఆగింది.

ఒకటో తారీఖు నా ఖాతాలో స్టైపెండు పడేది.
రెండో తారీఖు తీసి, తెల్ల కవర్లో పెట్టి
పెంచలయ్యకిస్తే
టీ గ్లాసుల పళ్ళెంలో లోపలికి పోయేది.
అందరిదీ ఇంతే, అన్నారు సీనియర్లు.
గురుదక్షిణ అనుకో, అన్నారు.
అనుకున్నాను.
నా హాస్టలు మెస్సు బిల్లు
అమ్మ చెక్కిన చెంచాలే కట్టాయి.

నిన్నటితో మూడేళ్ళు నిండాయి.
ఫారం పట్టుకుని లోపలికెళ్ళాను.
సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"సెప్టెంబరు ఆఖరు దాకా ఉండు.
టాక్సు ఆడిట్లు ఎవరు చూస్తారు?"
నవంబరులో పరీక్ష సార్, చదువుకోవాలి.
"మే నెలలోనూ పెడతారుగా పరీక్ష.
అయినా నీ హాజరు ఒకసారి చూడాలి."
నా ఫారం మీద గాజు రాయి పెట్టి
ఫోనెత్తారు.

బయటికొచ్చి, మా ఆఫీసు రిజిస్టరు తెరిచాను.
ఊళ్ళో అందరి పుస్తకాలూ తిరగేసిన దాన్ని
దీన్ని రాశానే గానీ చదవలేదు.
షేక్ మస్తాన్‌బీ, స్టైపెండు, చెల్లించడమైనది.
ముప్పై ఆరు వరుసలు.
నా దస్తూరీయే.
సున్నా చుట్టి, పైన చిన్న కొక్కెం వదలడం నా అలవాటు,
ప్రతి సున్నాకీ కొక్కెం ఉంది.
ప్రతి వరుస చివరా నా సంతకం.
నేనడిగింది ఒక్కటి.

పొయ్యి గదిలో పెంచలయ్య
చక్కెర డబ్బా మూత పెడుతూ "రా పాపా" అన్నాడు.
క్యాలెండరు పక్కకి జరిపాడు.
గోడ మీద బొగ్గు గీతలు.
టీల లెక్క ఒక వైపు.
రెండో వైపు ఐదేసి కట్టలు ఆరు, విడిగా నాలుగు.
"నీ కవర్లు."
ఎందుకు గీశావు పెంచలయ్యా?
"ఎవురో ఒకరు లెక్క రాయాల గదా.
నీకు ముందు పనిజేసిన హరినాథు బాబువి కింద ఉండె.
మొన్న సున్నం కొట్టేసినారు."

ముప్పైనాలుగు. పుస్తకంలో ముప్పై ఆరు.
రాత్రి హాస్టల్లో పాసుబుక్కు ముందేసుకున్నాను.
రెండో ఏడు జూలై లేదు. ఆగస్టు లేదు.
ఆ రెండు నెలలూ డబ్బు పడనే లేదు,
పుచ్చుకున్నానని సంతకం మాత్రం పెట్టాను.
మర్నాడే తిరిగిచ్చేసే డబ్బు
రాలేదని ఎవరికి తడుతుంది?

తెల్ల కాగితం మీద గీతలు కొట్టాను.
బ్యాంకు ప్రకారం, పుస్తకం ప్రకారం, గోడ ప్రకారం.
మూడో గడి ఏ సిలబసులోనూ లేదు.
కింద తేడా.
తేడాను పెన్సిలుతో రాయొద్దు, ఇంకుతో రాయమని
సారే నేర్పారు.

పొద్దున తొమ్మిదిన్నర.
పదకొండో మెట్టు దాటాను.
సారు వచ్చేది పదిన్నరకి.
రెండో తారీఖే ఈరోజు కూడా,
చేతిలో కవరు లేదు, మడత పెట్టని కాగితం ఉంది.
పొయ్యి గదిలోంచి పెంచలయ్య తొంగి చూసి
పళ్ళెంలో
రెండు గ్లాసులు పెట్టాడు.