లకిడికాపూల్ ఒకటి

పదకొండేండ్లు బస్సుల నిలబడి
స్టాపుల పేర్లన్ని నేనే పిలిచిన.
దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠీ కోఠీ,
దిగెటోళ్లు ముందలికి రాండ్రి!
ఇంజన్ చప్పుడు మీదికెళ్లి పోతుండె నా గొంతు.
ఖలీల్ భాయ్ అనెటోడు:
బాలమణీ, హారన్ చెడిపోయినా ఫికర్ లేదు, నువ్వున్నవ్.

ఇప్పుడు నా నాలుక ఎడమ సగం
టికెట్ మిషన్ పట్టిన ముంజేతి తోలు.
దానికి ఉప్పు తెల్వదు.
మాట నేర్చుకుంటున్నది,
కొత్తగ వచ్చిన డ్రైవర్
మలుపు మలుపుకు దారి అడిగినట్టు.

ముప్పై మూడు కరెంట్లు పెట్టిండ్రు.
అప్పటిసంది నోట్ల తడి లేదు.
బుక్కకో గుటక నీళ్లు, మాటకో గుటక.
సంచిల పైసలు మర్చిపోత గని సీసా మరువ.

పొద్దుగాల లేస్తె ఐస్‌క్రీం పుల్లలు.
పండ్ల నడుమ ఒకదాని మీద ఒకటి దూర్చి దవడ తెరవాలె.
మొదలు ఆరు. ఇయ్యాల పన్నెండు పట్టినయ్.
పన్నెండోది గల్లీ పోరడు ఫైజాన్ కడిగి తెచ్చిండు,
ఆంటీ, ఇది పిస్తా కుల్ఫీది, అని
చెవుల రహస్యం చెప్పినట్టు.

రెండు నెలలకోపారి రెడ్‌హిల్స్ దవాఖాన.
పాసు రెన్యువల్ లెక్కనే.
తారీఖు దగ్గరికొస్తున్నకొద్ది చెయ్యి మెడ మీదికే పోతది.
గడ్డనా, నరమా?
రాత్రి మూడింటికి లేచి మళ్ల నొక్కి చూస్త.

డాక్టరమ్మ ముక్కుల తీగ దింపి, "ఈ" అను, అంటది.
ఈ అంట.
ఆమె తెర దిక్కు చూస్తది, నేను ఆమె కనుబొమల దిక్కు.
మొఖం చూసి టికెట్ లేనోణ్ని పట్టినదాన్ని,
ఈమె మొఖంల మాత్రం నాకేం దొరకదు.

పోయినపారి నలభై ఏడో నంబర్, మల్సూరు అని మూడుసార్లు పిలిచిండ్రు.
బెంచి మీదున్న మేం
ఒకళ్ల దిక్కు ఒకళ్లం చూడలే.
నాలుగోపారికి వచ్చిండు రొప్పుకుంట,
మెడల గొట్టం మీద వేలు పెట్టి,
"సూర్యాపేట బస్సు పంక్చరు."
తిట్టిన. మస్తు తిట్టిన.
ఒక్క ముక్క సమజ్ కాలే ఆయనకు. నవ్విండు.

మంచిగున్నది, థైరాయిడ్‌కు రక్తమిచ్చి పో,
ఇగ మూడు నెలలకు రా, అన్నది డాక్టరమ్మ.
పాసు పొడుగైంది. సంతోషమే.
కని మెట్లు దిగుతుంటే
ఆ ఎక్కువైన ఒక నెల నన్నెవరు చూస్తరని
కాళ్లు ఆగినయ్.

మాట నేర్పే నిఖత్ మేడం కాయితం మీద పదాలిస్తది.
పలక, పడవ, బంతి.
నా పదాలు నాకున్నయ్ అన్న.
కోఠీ వచ్చింది. మలక్‌పేటల మ వచ్చింది, ల జారింది.
ఒక్కటి అసలే రాదు:
లకిడికాపూల్.
నేను దిగవలసిన స్టాపే.

అందుకే ఫోన్ల రాసి చూపెడుత.
ఇయ్యాల బస్సు కిక్కిరిసి ఉన్నది, ఫోను సంచి అడుగున.
చిన్నపిల్ల కండక్టర్, నన్నెరుగదు.
ఆధార్ చూసి, యాడికమ్మా, అన్నది.
సీసా మూత తీసి నోరు తడుపుకొని
అన్న.
వంకరగ వచ్చింది. పక్క సీటాయన తిరిగి చూసిండు.
పిల్ల వంగింది: ఏందీ?
మళ్ల అన్న. ఈసారి గట్టిగ,
ఎనుక డోరు దాక పోయేటట్టు.

లకిడికాపూల్ ఒకటి, అని
సున్న టికెట్ చింపి చేతుల పెట్టింది.
రైట్ రైట్, అన్నది ముందలికి పోతు.

ఆ ర మీద ఇంక పని ఉన్నది నాకు.