విరగని చేతికి కట్టు

వళ్ళెమ్మవ్వ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని
మూడు నెలలు కూర్చునింది.
నాడె చేతిలోనే ఉంది, విసర్లేదు.
పడుగు మీద దుమ్ము పడింది.
సాలీడు మటుకు దాని నేత అది నేసుకుంది.

ఏకాంబరకుప్పంలో అప్పట్లో
దానికి పేరు లేక కాదు, శానా పేర్లుండేవి.
గాలి సోకింది, అనింది అత్త.
కొవ్వు, అన్నాడు మొగుడు.
మనేద, అన్నారు వీధిలోవాళ్ళు, గొంతు తగ్గించి,
ఆ మాటకు చెవులున్నట్టు.
మనేదకు మందు లేదనే సామెతనే
పూటకొకసారి మందులాగా పోసేవాళ్ళు.

మందు లేదంటానే ఎన్ని చేసినారని!
నగరి నుంచి ఒకాయన వచ్చి
వేపమండలతో కొడతా అడిగినాడు:
"ఎవురు నువ్వు? యాడినుంచి వచ్చినావు?"
"వళ్ళెమ్మను. నారాయణవనం మా పుట్టిల్లు."
అబద్ధం చెప్తా ఉందని
ఇంకో నాలుగు తగిలించినాడు.
తల వెంట్రుకలు చీలకు చుట్టి
చింతమానుకు దిగ్గొట్టినారు.
ఆ మానుకు దిగులు పట్టిందో లేదో
ఎవురూ పొయ్యి చూళ్ళా.
నాడి పట్టిన వైద్యుడు వాతమన్నాడు,
సరస్వతాకు రసం తాపించి
నడినెత్తిన నూనె ధార పోసినాడు.
"అదొకటి బాగుండె నాయనా,
సల్లగా ఉండె," అనేది అవ్వ.

చివరికి తమ్ముడు కుప్పుసామి
బండిలో గడ్డి పరిచి పుత్తూరికి తోలుకుపోయినాడు.
చెయ్యి ఆడలేదంటే చెయ్యి విరిగినట్టే కదా,
వాడికి తెలిసిన వైద్యం ఊరు అదొకటే.

కట్టు కట్టే ముసలాయన
భుజం నుంచి మణికట్టు దాకా
గింజలేరినట్టు వేళ్ళతో వెతికినాడు.
ఎముకలన్నీ ఉండాల్సిన చోటే ఉండాయి.
ఆమె కళ్ళు చూసినాడు.
రవిక అంచు కింద మండల వాతలు చూసినాడు.
కొంచేపు మాట్లాడలా.
తర్వాత ఒక గుడ్డు పగలగొట్టినాడు.
తెల్లసొన, ఆకుపసరు, వెదురు దబ్బలు, గుడ్డపీలికలు.
విరగని ఎడమచేతికి
విరిగిన చేతికి కట్టినంత ఓపిగ్గా కట్టినాడు.
"ఒక మండలం.
నీళ్ళు తోడకూడదు, మగ్గం ఎక్కకూడదు.
దగ్గర ఎవురూ గట్టిగా మాట్లాడకూడదు.
అదిరితే ఎముక అతకదు."

కట్టు కనపడింది కదా,
ఇల్లు ఇల్లంతా మారిపోయింది.
గాలి అన్న అత్త అన్నం కలిపి ముద్దలు పెట్టింది.
కొవ్వు అన్న మొగుడు
తిట్టుకుంటానే, గొణుగుతా తిట్టుకుంటానే, నీళ్ళు మోసినాడు.
చూడొచ్చిన ఆడోళ్ళు తలా ఒక విరిగిన కత చెప్పినారు,
ఒకామె మోకాలు, ఒకామె నడుము,
ఒకామె ఏం విరిగిందో చెప్పకుండా ఏడ్చి పోయింది.
పెరియనాయకమ్మ మటుకు
మద్దేనాలు వచ్చి, ఏమీ అడక్కుండా
కండెలు చుట్టుకుంటా కూర్చునేది.
రాట్నం చప్పుడుకు ఎముక అదరదని
ఇద్దరూ అనుకున్నట్టుంది.

కట్టు విప్పిన దినం చెయ్యి సన్నబడి, పాలిపోయి
ఎవురో పసిబిడ్డ చెయ్యిలాగుండిందంట.

"నయమైందా అవ్వా?"
"పొయ్యేది. మళ్ళా వచ్చేది.
వచ్చినప్పుడు ఇదో, ఈ చెయ్యి పట్టుకోని కూర్చునేదాన్ని,"
అని కుడిచెయ్యి చూపించేది.
ఎడమది కదా అంటే
పళ్ళు లేని నోటితో నవ్వేది.

తిరుపతిలో, మూడో అంతస్తులో
రాత్రి అన్నం తిన్నాక నేనొక తెల్లమాత్ర మింగుతాను.
ఇప్పుడు మందుంది. పని చేస్తుంది కూడా.
అయినా కొన్ని పొద్దులు
మంచం నుంచి కింద పెట్టిన కాలు
గుంతలోకి దిగినట్టుంటుంది.

ఈ పొద్దు ఆఫీసుకు లీవు చీటీ రాస్తా
కారణం అన్న చోట శానాసేపు ఆగినాను.
జ్వరమని రాసి కొట్టేసినాను.
ఎడమచెయ్యి విరిగింది, పుత్తూరికి పోవాలి
అని రాసినాను.

గట్టిగా మాట్లాడకూడదని మటుకు
రాయలేకపోయినాను.