రాడ్డు లెక్క

జమ్మలమడుగులో బోరుబండికి బేరింగు దొరకలేదు.
సాయంత్రం బస్సులో వస్తుందన్నాడు షాపాయన.
పని లేని పూట, హెల్పరు కుళ్లాయప్ప
"గండికోట సూసొద్దాం పాన్నా" అన్నాడు.
ఇరవై ఏండ్లుగా ఈ దావలోనే బండి తిప్పుతున్నా,
ఒక్కనాడూ అటు మళ్లలేదు.
నీళ్లున్న చోటికి మమ్మల్నెవరు పిలుస్తారు?

కోటగోడ దాటి, మసీదు పక్కగా
బండ మీంచి బండకు పోతా ఉంటే
ఉన్నట్టుండి నేల అయిపోయింది.

కింద పెన్న, ఉలుకూ పలుకూ లేకుండా.
నాకు మాత్రం నీళ్ల కంటే ముందు
ఎదురుగోడ కనపడింది.
ఎర్రది, బూడిదది, మళ్లీ ఎర్రది,
అటక మీద పాత పద్దు పుస్తకాల మాదిరి.

ఈ రాళ్లన్నీ నాకు తెలుసు.
మొకం ఎరగను, పొడి ఎరుగుదును.
ఎర్రదుమ్ము లేస్తే రెండో రాడ్డు,
బూడిదరంగైతే ఏడోది.
పలుగురాయి తగిలితే బిట్టు పండ్లు కొరికే మోత
నా దవడలోకొస్తుంది,
రాత్రి సంగటి తినేటప్పుడు కూడా పోదు.

"ఎంత లోతుంటాదన్నా?"
కంటితోనే కొలిచినా. "పదైదు రాడ్లు."
"పదైదుకే నీళ్లా!"
వాడు నవ్వినాడు.

పోయిన ఎండాకాలం సింహాద్రిపురం పక్కన
అరచేతిలో కొబ్బరికాయ నిలబడిన చోట
నలభైమూడు దించినాము.
చెన్నకేశమ్మకు అది మూడో బోరు.
ఆపమని ఆమె చెప్పలేదు,
ఆపుదామని నేనూ అనలేదు.
తెల్లారేసరికి ఆమె తలనిండా,
ఎండిన చీనీ చెట్ల ఆకుల నిండా
ఇదే గోడ, పిండిగా.

జానెడు బొక్కలోంచే ఇన్నాళ్లూ భూమిని చూసినోణ్ణి.
దీన్ని కోసిన యేటికి
డీజిలు లేదు, అడ్వాన్సు లేదు.
కోసినంత కోసి, ఎండిపోయి,
ఎప్పుడో గుర్తొచ్చి మళ్లీ కోసుంటుంది.

అంచున కూచుంటే ఈల వినపడింది.
కాపలా ఆయన. "దిగు సామీ,
కాలు జారితే జవాబు చెప్పాల్సింది నేను."
ఆనక నా జేబు పక్క చూసినాడు.
మా పాపకని తీసుకున్న గోలీకాయంత ఎర్రరాయి.
"ఈడిది ఈడ్నే పెట్టిపో. బోర్డు సూళ్లేదా?"

పదకొండు వందల బోర్లు.
ఎంత రాయిని పిండి చేసి గాలికొదిలినానో
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

తీసి పెట్టినా.
యాడ నుంచి ఏరినానో గుర్తు లేదు.
ఒక సందులో ఆనించినా, ఇంకో సందులో ఆనించినా,
ఎక్కడా సరిగ్గా కుదురుకోలేదు.
కాపలా ఆయన చూస్తానే ఉన్నాడు.

కుళ్లాయప్ప ఫోను మోగింది.
బేరింగొచ్చిందంట.