నాలుగు బై పద్నాలుగు

షట్టరు సగం దించి
లోపల ఒక్క లైటే వేసుకుని
ములుగేట దరఖాస్తు నింపుతున్నాను.
ములుగు మీ అమ్మమ్మగారి ఊరా అని
మొదటిరోజు అడిగాను, తెలీక.
కాదు మేడమ్, ఇథియోపియా అన్నాడు
తప్పు తనదే అయినట్టు.

చిరునామా దగ్గర ఆగింది.
బ్రాడీపేట 4/14 అని కొట్టాను.
గీత పనికిరాదంది కంప్యూటరు, ఎర్రటి అక్షరాల్లో.
ఆ గీతకి ఇటు లైను, అటు అడ్డరోడ్డు.
గుంటూరులో చంటిపిల్లాడికైనా తెలుసు.
తీసేశాను.
414 అయింది.
బ్రాడీపేటలో అలాంటి చోటే లేదు.
వెంటనే ఒప్పుకుంది.

తర్వాతి పేజీ.
తరగతులకు స్వయంగా హాజరవుతున్నారా?
అవును, కాదు. రెండే సున్నాలు.
యూనివర్సిటీ గేటుకి తాళం.
హాస్టలు ఖాళీ చెయ్యమన్నారు
రైళ్ళు ఆగిపోయిన రెండోరోజు.
ఫీజు మాత్రం గడువులోగా కట్టమన్నారు.
పాఠం జరిగేది నా కొట్లో,
జెరాక్సు మిషను పక్కన స్టూలు మీద
జిగురుసీసాకి ఆనించిన ఫోనులో.
సారు హాజరు పిలిస్తే
మాస్కు కిందికి లాగి మరీ
ప్రెజెంట్ సార్ అంటాడు.

అవునంటే అబద్ధం.
కాదంటే వీసా ఉండదు.
పదిహేడేళ్ళుగా ఎవరెవరివో
పుట్టినతేదీలూ కులాలూ ఆదాయాలూ కొట్టిన చెయ్యి
మౌసు మీద అలాగే ఉండిపోయింది.
కరెంటు పోయింది.

చీకట్లో నవ్వాడు.
మా దేశంలో ఇంకా 2012 మేడమ్,
మా లెక్కలో ఈ రోగం రావడానికి
ఎనిమిదేళ్ళు టైముంది.

ఇంటి ఓనరు సంతకం వేరే కాగితం మీద.
కోటిలింగంగారు కిటికీలోంచే అన్నారు:
కుర్రాడి మీద నాకేం లేదమ్మా కమలజా,
పోలీసు స్టేషనుకెళ్ళే కాగితం కదా.
మొన్న ఎవరింట్లోనో ఎండుమిర్చి తాలింపుకి
మెట్ల మీద దగ్గాడు వీడు.
వీధంతా తలుపులు వేసుకుంది.
గుంటూరు
మిరపఘాటుకి దగ్గినవాణ్ణి చూసి భయపడిన ఏడాది అది.

కరెంటొచ్చింది. సెషను ముగిసిందంది.
మళ్ళీ పేరు, మళ్ళీ పాస్‌పోర్టు, మళ్ళీ 414.
ఆ రెండు సున్నాల్లో ఏది నొక్కానో
ఇక్కడ చెప్పను.
అడుగున ఇతర వివరాల గడిలో రాశాను:
గది తాళం రెండోది నా దగ్గరుంది.
మనిషి నా ఎదురుగా ఉన్నాడు.
తెలుగులో రాశానని
అక్షరాలన్నీ ఖాళీ డబ్బాలయ్యాయి.
చెరిపి ఇంగ్లీషులో కొట్టాను,
రెండో వాక్యం అంత బాగా రాలేదు.

పదకొండు రోజులకి జవాబు. పరిశీలనలో ఉంది.
పొద్దున షట్టరెత్తుతూ పైకి కేకేస్తాను,
ములుగేటా!
ఉన్నానండీ, అంటాడు.

దరఖాస్తుకీ ప్రింట్లకీ డబ్బులింకా ఇవ్వలేదు.
ఖాతా పుస్తకంలో వాడి పేరు కింద
రాసిపెట్టాను, 45/-
నా పుస్తకం గీతని ఒప్పుకుంటుంది.