గాజు కడిగేవాడు

లక్నో. హజ్రత్‌గంజ్ వీధిలో మా స్టూడియో.
ఈథర్ సీసా మూత తీస్తే
ఈగలు కూడా తూలేవి.

తాలూకాదారు నవాజిష్ అలీ షరతు ఒక్కటే:
బేగం ముఖం మగవాడి కంట పడకూడదు.
పల్లకీని మెట్లదాకా తెచ్చి దించారు.
ఆ పూట దొరకి జ్వరం.
నల్లగుడ్డలో తల దూర్చింది నేను.
గది మొత్తమ్మీద
ముసుగులో ఉన్నది నేనొక్కణ్ణే.

గరుకు గాజు మీద అంతా తలకిందులు.
కప్పుకి తివాచీ. దానికి వేలాడుతూ జరీ చెప్పులు.
తెర మీద దొర గీయించిన స్కాట్లాండు సరస్సు
ఒక్క బొట్టూ కారకుండా బోర్లా పడుంది.
అడుగున ఎక్కడో ముక్కుపుడక.
చెమటో, మరేదో,
ఒక చుక్క ఆమె చెంప మీద
నెమ్మదిగా పైకి ఎక్కింది.

మెడ వెనక ఇనుప కొక్కెం బిగించి
దాసీ కెమెరా మూత తీసింది.
పన్నెండు లెక్కపెట్టాలి.
తొమ్మిది దాకా రాయిలా కూర్చుంది.
పదో అంకెకి చెయ్యి కదిలింది,
ఎవరినో పిలుస్తున్నట్టో, వద్దంటున్నట్టో.

"ఒళ్ళో ఈ పొగ ఏమిటి?" అన్నాడు తాలూకాదారు.
డబ్బివ్వలేదు.

మా దగ్గర గాజు ఖరీదు ముఖంకంటే ఎక్కువ.
సున్నప్పొడి, సారాయి వేసి తోమాను.
వెండి నలుపు గోళ్ళలోకి దిగింది,
వజూ నీళ్ళకి కూడా పోలేదు.
శుక్రవారం అదే గాజు మీద
జడ్జిగారి వేటకుక్కని తీశాం.

కుక్క చెవి పక్కన తేలింది ఆ పొగ.
ఈసారి వేళ్ళు లెక్కపెట్టగలిగాను.

"సరిగ్గా కడగలేదురా" అని దొర కేకలేశాడు.
కడిగాను.
రెండుసార్లు కడిగాను.