పదో నంబరు గ్లవుజులు

వాల్దివియాలో వాన ఆగిందని ఎవరైనా చెప్తే
నేను ముందు క్యాలెండరు చూస్తాను.
వర్క్‌షాపు రేకుల మీద అది పడుతూనే ఉంటుంది.
ఆ రేకుల కింద ఒక కిటికీ, కిటికీకో చెక్క గట్టు,
గట్టు వెనక ఇరవై ఆరేళ్లుగా నేను.
సుత్తి అడిగితే సుత్తి, స్పానరు అడిగితే స్పానరు.
సంతకం పెట్టించుకుని ఇస్తాను,
లెక్క చూసుకుని తీసుకుంటాను.

గ్లవుజులకు ఆ బాధ లేదు.
అన్నీ పదో నంబరే.
మొదట కొన్నవాడెవడో తన చెయ్యి చూసుకుని కొన్నాడు,
తర్వాతివాళ్లు పాత బిల్లు చూసి కొన్నారు.
అయిదు వేళ్లూ ఒక్కలా ఉంటాయా అని
ఇంట్లో పిల్లల మీద చాడీలొచ్చినప్పుడల్లా అనేవాణ్ణి.
అదే నోటితో ఇక్కడ:
"గ్లవుజులా? ఇవిగో, అందరికీ ఇవే."

మిల్యరాయ్ కురిన్యావ్, మాపుచే పిల్ల,
రాంకో సరస్సు అవతలి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది.
మణికట్టుకు రబ్బరు బ్యాండ్లు బిగించుకుని
వెల్డింగుకు కూర్చునేది.
ఖాళీ వేలికొసలు వేలాడుతుంటే
కుర్రాళ్లు "బాతు" అనేవారు.
తనూ నవ్వేది.
తను నవ్వింది కదా అని నేనూ నవ్వాను.

ఆగస్టులో, చలి ఎముకలు కొరికే రోజు,
ఒక నిప్పురవ్వ ఆ వదులు అంచులోంచి లోపలికి దూరింది.
పిల్ల అరవలేదు.
టార్చి ఆపి, పక్కన పెట్టి,
కుళాయి దగ్గరకు నడిచింది.
ఫారం నింపింది నేనే.
'కారణం' అన్న చోట
"విద్యార్థిని అజాగ్రత్త" అని రాశాను.
మంచి దస్తూరీ నాది.

వీస్నెల్ హైతీ నుంచి వచ్చాడు.
స్పానిష్‌లో ఓ మాట కోసం తడుముకుంటే చాలు
జట్టులో ఎవరో ఒకరు అతని వాక్యం పూర్తి చేసేస్తారు,
అతను చెప్పాలనుకున్నది తప్ప ఇంకేదో చెప్పి.
ఒక సాయంత్రం నా గట్టు మీద బ్రౌన్ పేపరు పరిచాడు.
"మీ చెయ్యి," అన్నాడు.
ఆ రెండు మాటలకు
ఎవరూ ఏమీ కలపలేకపోయారు.
నా చెయ్యి చుట్టూ పెన్సిలు తిరిగింది,
చక్కిలిగింతలు పెడుతూ.

వారం రోజుల్లో నలభై ఒక్క చేతులు.
పొట్టి బొటనవేళ్లు, గోళ్లు కొరికిన వేళ్లు,
ఉంగరం తియ్యనన్న ఒక వేలు.
పదో నంబరు సరిపోయేవి పదకొండు.
నాది తొమ్మిది.
ఇరవై ఆరేళ్లు వేసుకున్నాను!

"అనవసరమైన రకాలు" అని ఆఫీసు తిప్పి పంపింది.
మళ్లీ పంపాం. మళ్లీ అదే ముద్ర.
నాలుగోసారి మిల్యరాయ్ అర్జీకి
ఆ కాగితం చుట్టనే జతచేసింది.
బల్ల మీద మడత విప్పగానే
చేతులన్నీ జారి నేల దాకా వెళ్లాయట,
గుమాస్తా కాళ్లు పైకి పెట్టుకుందట.

పెట్టెలొచ్చాయి. నాకు పని పెరిగింది.
"ఇన్ని సైజులెందుకు, వెతకలేక చస్తున్నాం" అని
ఒక ప్రొఫెసరుగారు గొణిగారు. నిజమే, వెతకాలి.
"నీ నంబరెంత?" అని అడగాలి.
తెలియనివాళ్లు సమాధానంగా
అరచెయ్యి చాపుతారు నా ముందు,
జాతకం చెప్పమన్నట్టు.

నిన్న బీరువాలోంచి ఆ పాత ఫారం తీశాను.
చింపే హక్కు నాకు లేదు.
నా రాత కిందే, ఈసారి వంకరగా,
"చెయ్యి ఏడో నంబరు. ఇచ్చింది పది. ఇచ్చింది నేను"
అని రాసి తేదీ వేశాను.
మిల్యరాయ్‌కి చూపిస్తే చదివి
చొక్కా చేతులు కిందికి లాక్కుంది.
థాంక్స్ అనలేదు. ఎందుకంటుంది?

ఇక ఎఫ్రాయిన్ మిగిలాడు.
ఎడమ చేతికి మూడే వేళ్లు,
ఏ పెట్టెలోనూ లేని నంబరు.
రాత్రి కూర్చుని, రెండు వేళ్లు కోసి, అంచులు కలిపి కుట్టాను,
తోలు సూది నా బొటనవేలు తిన్నాక.
పొద్దున తొడుక్కుని, పిడికిలి మూసి తెరిచి,
"ఇక్కడ గుచ్చుకుంటోంది," అన్నాడు.
ఇన్నేళ్లలో ఆ గట్టు దగ్గర
గుచ్చుకుంటోందని నాతో చెప్పినవాళ్లు లేరు.

కళ్లజోడు తుడుచుకుని
కుట్టు విప్పుతున్నాను.