సున్నా

లాకు దగ్గర లస్కరుని నేను.
ఇరవై రెండేళ్ళుగా తూము తలుపులు ఎత్తుతూ, దించుతూ,
గేజి రాయి మీద నీటి లెక్క చదివి
పుస్తకంలో రాస్తూ.
అయినా నా ఒంటి కాలవల సంగతి
ముమ్మిడివరంలో డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపేదాకా తెలీదు.

రెండు గొట్టాలు. కొబ్బరీనె లావు.
"ఇక్కడ కోసి ముడేస్తాం, అంతే.
పంటకాలవ మూస్తే గోదారి ఎండిపోద్దా చెప్పు?"
నాకు నవ్వొచ్చింది.
గోదారి సరేనండి, కాలవ మూస్తే చేలు ఎండుతాయి కదా అన్నాను.
ఆవిడ పెన్ను ఆగింది.
"సరే, కాలవ మాట ఒదిలెయ్" అని మళ్ళీ మొదలెట్టింది.
మగతనం గొట్టంలో ఉండదు, నెత్తుట్లో తిరుగుతుంది.
దాన్ని మేం ముట్టుకోం.
బయటికొచ్చే దాన్లో విత్తనం చిటికెడే,
తక్కిందంతా ఎప్పట్లాగే,
నీకూ తెలీదు, మీ ఆవిడకీ తెలీదు.

మా ఆవిడ సూర్యావతి.
మూడో కాన్పుకి కాకినాడ తీసుకెళ్ళేసరికి
పంచె అంచు దాకా తడిసిపోయింది నాకు, ఆమె నెత్తురుతో.
ఆ పంచె ఉతికినా పోలేదు.
నాకింకో సాకు అక్కర్లేకపోయింది.

టీ కొట్టు దగ్గర పల్లాలు అన్నాడు:
"కోడె కాస్తా ఎద్దయిపోద్దిరోయ్!
బస్తా ఎత్తలేవింక."
మా అమ్మయితే రెండ్రోజులు మాటాడలేదు.
మూడో రోజు, "దానికి చేయించక నీకేం ఖర్మరా" అంది.

పావుగంట పట్టింది.
పైన ఫ్యాను కిర్రుమంటోంది, ఎన్ని తిప్పులు తిరిగిందో లెక్కెట్టాను.
రొయ్యల షెడ్డు నుంచి బామ్మర్ది ఐసు తెచ్చాడు,
తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని
రెండ్రోజులు రొయ్యల వాసనేశాను.
వారానికి సైకిలెక్కాను. పదిరోజులకి తూము తలుపెత్తాను.

పన్నెండో రాత్రి
ఏమీ కాలేదు.

ఎంతసేపని చూస్తాం.
కోడె, ఎద్దు, ఆ మాట మంచం కోడుకి కట్టేసినట్టు
అక్కడే నెమరేస్తోంది.
సూర్యావతి తల పైకెత్తి నా మొహంలోకి చూసి,
"డాక్టరమ్మ కోసింది గొట్టాన్ని.
పల్లాలు కోసింది నీ బుర్రని" అంది.
ఇద్దరం నవ్వాం, చిన్నది నిద్రలేచి ఏడిచేదాకా.

తర్వాతెప్పుడో, తేదీ గుర్తులేదు,
కరెంటు పోయి, విసనకర్ర నేలమీద పడి,
చాలా మామూలుగా,
ఎవరూ ఏమీ నిరూపించక్కర్లేకుండా.
ఎప్పటి రుచే. ఎప్పటి ఆయాసమే.

అయినా మూడు నెలలు జాగ్రత్త తప్పదన్నారు.
అది మాత్రం నాకు చెప్పక్కర్లేదు.
వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు
తలుపు దించిన నాడే అడుగు కనపడుతుందా?
గుంటల్లో పాత నీళ్ళు నిలుస్తాయి,
పిల్లలు వాటిలో జెల్లలు పడతారు.
పాత నీళ్ళు పోవాలి.

మే నెలలో చిన్న డబ్బా, చొక్కా లోపల చంకలో దాచి,
అమలాపురం ల్యాబుకి బస్సులో నిలబడే వెళ్ళాను.
పక్కాయన కాలు తొక్కినా మాటాడలేదు.
కాగితం చేతికిస్తూ ల్యాబు కుర్రాడు తలెత్తకుండా
"సున్నా" అన్నాడు.

ఎనిమిదో తరగతిలో లెక్కల్లో అదే వస్తే
నాన్న కొబ్బరి మట్ట విరిగేదాకా కొట్టాడు.
ఇప్పుడు అరకిలో మైసూరుపాకు కొన్నాను.

సూర్యావతి కాగితం చదవలేదు.
గోడ మీద క్యాలెండరు దించింది,
ఎర్ర పెన్నుతో చుట్టిన సున్నాలు, నెలనెలా,
పద్నాలుగేళ్ళుగా ఏ రోజు భయం, ఏ రోజు కాదు అని.
దాన్ని మడిచి పొయ్యి కింద పెట్టి
టీ కాచింది.
ఆ రాత్రి తలుపు గడియ
ఆమే వేసింది.

పల్లాలు ఇంకా అంటూనే ఉన్నాడు కోడె, ఎద్దు అని.
జూన్లో నీళ్ళొదిలారు.
గేజి చూశాను, నాలుగున్నర అడుగులు.
పుస్తకంలో రాశాను.